తనంత తానే నడిచే విశ్వవిద్యాలయం

జరిగినదాంట్లో చీమల తప్పేమీ లేదని ముందే చెప్పేస్తున్నాను. వాటి మానాన అవి మా వైస్ ఛాన్సలర్ గారి బంగళాలో పంచదార డబ్బాకీ కిటికీకీ మధ్య బారులు తీరి తిరుగుతున్నాయి. విదేశంలో పదిరోజుల సదస్సు ముగించుకుని దిగిన మర్నాడే ఆయన కంట్లో అవి పడటం మా ఖర్మ.

ఆ సదస్సు పేరు పూర్తిగా పలకడానికి నాకు రెండుసార్లు ఊపిరి తీసుకోవాల్సి వస్తుంది. సైబర్నెటిక్స్, నిర్మాణవాదం, తమంత తామే కుదురుకునే వ్యవస్థలు, వాటికీ సకల శాస్త్రాలకూ ఉన్న సంబంధం. లెక్కలవాళ్లు, జంతుశాస్త్రంవాళ్లు, తత్త్వశాస్త్రంవాళ్లు, చదువు ఎలా చెప్పాలో చెప్పేవాళ్లు, అందరూ ఒకే బల్ల చుట్టూ కూర్చున్నారట. ఏ వ్యవస్థనైనా పైనుంచి ఒకడు తోలితే నడవదనీ, లోపలి భాగాలు ఒకదాన్నొకటి గమనించుకుంటూ సర్దుకుంటేనే నడుస్తుందనీ తేల్చారట. మా అత్తగారింట్లో నలుగురు కోడళ్ల వంటగది ముప్పై ఏళ్లు అలాగే నడిచింది. దాని మీద ఎవరూ సదస్సు పెట్టలేదు. ఆ మాటల్లో తప్పుందని కూడా నేననను. మంచి మాట ఎవరి చేతిలో పడిందన్నదే అసలు సంగతి.

నేనెవరో చెప్పలేదు కదూ. పెచ్చెట్టి వీరమణి, పరీక్షల విభాగంలో సూపరింటెండెంటుని. ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసు. నోరు పెద్దదని పేరుంది. పెద్దదే. చిన్న నోటితో పరీక్షల విభాగం నడవదు.

ఫిబ్రవరి మొదటి వారంలో వైస్ ఛాన్సలర్ ఆచార్య కొల్లూరి విశ్వపతి గారు అందరినీ సెనేట్ హాల్లోకి పిలిచారు. గంధం రంగు లాల్చీలో వచ్చి, మైకు సవరించుకుని, హాలంతా కలయజూశారు.

"మిత్రులారా, చీమలకు రిజిస్ట్రార్ ఉన్నాడా?" అన్నారు.

అందరూ రిజిస్ట్రార్ తాడి నరసింగరావు గారి వంక చూశారు. రిటైర్మెంటుకి పద్నాలుగు నెలలున్న మనిషి. ఈ ప్రశ్న తన మీదికే వచ్చిందని గ్రహించి లేచి నిలబడ్డారు.

"లేడండి," అన్నారు.

"టైంటేబుల్ ఉందా? హాజరు పట్టీ ఉందా?"

"లేవండి."

"మరి అంత పెద్ద పుట్ట ఎలా లేచింది?"

"ఎవరో శాంక్షన్ చేసే ఉంటారండి," అన్నారు.

వైస్ ఛాన్సలర్ గారు జాలిగా నవ్వి, అర్ధశతాబ్దపు ఆజ్ఞా సంస్కృతి మన మెదళ్లను ఎలా శిథిలం చేసిందో చూడండని సభకు చూపించారు. మర్నాడు ఉదయానికల్లా సర్క్యులర్ వచ్చింది. ఆ ముక్క నాకు కంఠతా వచ్చు.

"పై స్థానముల నుండి ఆదేశములు జారీ చేయు విధానమునకు కాలము చెల్లినదని గుర్తించి, ఇకమీదట ఈ విశ్వవిద్యాలయమునందు ఎవరును ఎవరికిని ఎట్టి ఆదేశములను జారీ చేయరాదని ఇందుమూలముగా ఆదేశించడమైనది. ఉల్లంఘించినవారిపై కఠిన చర్యలు తీసుకొనబడును."

మా అటెండరు ఏసుపాదం ఆ కాగితాన్ని రెండుసార్లు చదువుకుని నా బల్ల దగ్గరికొచ్చాడు. నాకంటే మూడేళ్లు సీనియరు.

"అమ్మగారూ, ఇక నుంచీ నాకెవరూ పని చెప్పకూడదంటండి?"

"అంతే మరి."

"మరి ఈ కాయితం బోర్డుకి అంటించమని డిస్పాచోళ్లు చెప్పేరండి."

"అయితే వాళ్ల మీద కఠిన చర్యలు తీసుకుంటారు."

ఏసుపాదం జిగురు సీసా చేతిలోకి తీసుకున్నాడు. "పిల్లలు గలోళ్లండి పాపం. నా అంతట నేనే అంటించేసేనని చెప్పండేం," అని వెళ్లి అంటించాడు.

ఆ వారంలోనే స్వయంవ్యవస్థీకరణ అమలు కమిటీ ఏర్పడింది. పంతొమ్మిది మంది సభ్యులు. కన్వీనరు విద్యాశాస్త్ర విభాగం ఆచార్య భీమశంకరం గారు. తనంత తానే కుదురుకునేదానికి అమలు కమిటీ ఎందుకండీ అని నేను నోరు ఊరుకోక అడిగాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"వీరమణి గారూ, ఈ కమిటీని ఎవరూ నియమించలేదు. పంతొమ్మిది మందికీ ఏకకాలంలో స్వచ్ఛందంగా స్ఫురించింది. వైస్ ఛాన్సలర్ గారు ఫోన్ చేసి కనుక్కున్నారు, అంతే," అన్నారు.

టైంటేబుల్ రద్దయింది. అది దానంతటదే ఉద్భవించాలన్నారు. వారం తిరిగేసరికి ఉద్భవించినదేమంటే, పదకొండు మంది లెక్చరర్లు ఒకే వేళకు ఏడో నంబరు గదిలో తేలారు. ఆ భవనంలో ఫాను తిరిగే గది అదొక్కటే. ఒకాయన వంతెనల మీద భారవితరణం, ఒకావిడ చంద్రగుప్తుడి పన్నులు, ఇంకొకాయన కప్ప గుండెకాయ, ఎవరి గొంతు వారిది. పిల్లలు క్యాంటీన్లో ఉద్భవించారు. భీమశంకరం గారు వచ్చి చూసి, ఫానును "ఆకర్షణ కేంద్రం"గా గుర్తిస్తూ నోటు పుస్తకంలో రాసుకున్నారు. ఫానును ఇంకో గదికి కూడా పెట్టిస్తే బావుంటుందని ఏసుపాదం అన్నాడు కానీ, అది బయటినుంచి జోక్యం అవుతుందట.

ఇక పాఠాలు. గురువు జ్ఞానాన్ని ఇవ్వకూడదు, శిష్యుడే నిర్మించుకోవాలి అన్నారు. చరిత్ర విభాగంలో ఎవరి చరిత్ర వాళ్లు నిర్మించుకున్నారు. నెల తిరక్కుండా గోదావరి జిల్లాల్లో నలభై రెండు రాజధానులు తేలాయి. అన్నీ ఆయా విద్యార్థుల సొంత ఊళ్లే. రసాయనశాస్త్రం ల్యాబులో మాత్రం చిక్కొచ్చింది. సీసాలో ఉన్నది మజ్జిగని ఒక కుర్రాడు నిజాయితీగా నిర్మించుకున్నాడు. ఆమ్లం అతని నిర్మాణాన్ని లెక్కచెయ్యలేదు. పర్యవేక్షణకు వెళ్లిన భీమశంకరం గారి ప్యాంటు మోకాలి దగ్గర చిల్లుపడింది. ఆయన ఆ చిల్లును కూడా ఒక దృక్కోణంగా స్వీకరించి, ఇంటికెళ్లి వేరే ప్యాంటు వేసుకొచ్చారు.

ఇదంతా నవ్వుకోవడానికి బానే ఉంది. ఫైళ్ల జోలికి వచ్చాకే నాకు మండటం మొదలైంది. ఫైలు కిందినుంచి పైకి పోవడం, పైనుంచి కిందికి రావడం దొరతనానికి గుర్తట. ఇకనుంచి ఫైళ్లు గుండ్రంగా తిరగాలి. ప్రతి సీటులోనూ ఆగి, ఆ సీటువారు "ప్రతిస్పందన" రాసి పక్క సీటుకి పంపాలి. తిరిగి తిరిగి మొదటి సీటుకొస్తే, వారు ఆ ప్రతిస్పందనలకు ప్రతిస్పందన రాసి మళ్లీ పంపాలి. ఎక్కడ ఆగాలి అంటే, ఆగిన వ్యవస్థ చచ్చిన వ్యవస్థ అన్నారు.

సంతకం కూడా పోయింది. సంతకం పెట్టడమంటే ఇది ఇలాగే ఉండుగాక అని శాసించడమేనని కమిటీ పదిహేడు పేజీల్లో నిరూపించింది. నరసింగరావు గారి గది బోర్డు పీకి "అనుసంధాన బిందువు" అని రాయించారు. ఆయన పొద్దున్నే వచ్చి, కలం మూత తియ్యకుండా, సాయంత్రం దాకా అనుసంధానంగా కూర్చునేవారు. నాకూ ఒక చిక్కు వచ్చిపడింది. మాకు అసిస్టెంట్ రిజిస్ట్రార్ పోస్టు ఆరేళ్లుగా ఖాళీ. ఆ పని ఇన్‌ఛార్జిగా నేనే చూస్తూ, రిజిస్ట్రార్ తరఫున పట్టాల మీద సంతకాలు పెట్టేదాన్ని. ఆరు నెలలకోసారి ఆ ఆర్డరు పొడిగిస్తారు. ఈసారి పొడిగించలేదు, ఆర్డర్లే లేవు కనుక. దాంతో పట్టాల మీద సంతకానికి నాకూ అధికారం లేకుండా పోయింది.

జూన్ మూడో తారీఖున గుబ్బల సత్యవేణి వచ్చింది. కోనసీమ పిల్ల, ముమ్మిడివరం అవతల సముద్రానికి దగ్గర ఊరు. ఉప్పు ఎక్కిన చేలల్లో ఏ వరి బతుకుతుందని ఆరేళ్లు పరిశోధన చేసింది. మోకాలి లోతు బురదలో నిలబడి చేసిన పీహెచ్‌డీ, ఏడో నంబరు గదిలో ఫాను కింద చేసింది కాదు. జనవరిలో మౌఖిక పరీక్ష అయిపోయింది, పరీక్షకులు లేచి నిలబడి మెచ్చుకున్నారు. ప్రొవిజినల్ పట్టా ఫైలు నా బల్ల దాటి వెళ్లిన మూడో రోజున ఆ సర్క్యులర్ వచ్చింది.

"మేడంగారండీ, నాకు డిగ్రీ కాలేజీ లెక్చరర్ పోస్టు తగిలిందండి," అని కాగితం చూపించింది. ముఖం వెలిగిపోతోంది. "ఇరవయ్యేడో తారీఖున విజయవాడలో సర్టిఫికెట్లు చూస్తారంటండి. పట్టా ఒరిజినల్ పట్టుకెళ్లాలండి. లేపోతే నా తర్వాత నంబరు వాళ్లకి ఇచ్చేస్తారంటండి."

"మళ్లీ నోటిఫికేషన్‌కి చూసుకోవచ్చు కదమ్మా?"

"జూలైతో నాకు వయసు దాటిపోద్దండి."

వెంటనే ఫైలు కోసం బయల్దేరాను. దొరకడం కష్టం కాలేదు, దాని లావు అంతుంది మరి. తీసి చదివాను. లైబ్రరీ: "ఫైలు చూచితిమి." హాస్టలు: "లైబ్రరీవారు చూచినట్లు చూచితిమి." పరిశోధన విభాగం: "హాస్టలువారు చూచినది లైబ్రరీవారు చూచినదేనా అను విషయము పరిశీలింపదగినది." ఇంజనీరింగ్ సెక్షన్: "ఇది మాకేల వచ్చినదో తెలియకున్నను, వచ్చినందుకు ఆనందము." వీటి మీద నా సీటునుంచి వెళ్లిన ప్రతిస్పందనలు, వాటి మీద మళ్లీ వాళ్లవి. తొమ్మిదిసార్లు గుండ్రంగా తిరిగింది. ఆ పిల్లకి పట్టా ఇవ్వొద్దని ఎక్కడా ఒక్క ముక్క లేదు.

పదో తిరుగుడైనా ఎక్కడో ఒకచోట ఆపుదామని అటూ ఇటూ పరిగెడుతున్నాను. ఇంతలో పరీక్షలొచ్చాయి. పరీక్ష హాల్లో కాపలా ఉండేవాళ్లను చూసి వైస్ ఛాన్సలర్ గారికి కొత్త విషయం తట్టింది. గమనించేవాణ్ణి కూడా గమనించాలి, లేకపోతే అది మొదటి తరగతి సైబర్నెటిక్స్ అవుతుందట, మనం రెండో తరగతికి ఎదగాలట. మంచిదే అనుకుని హాలుకి ఇద్దరిని వేశారు, ఒకరు పిల్లల్ని చూడ్డానికి, ఒకరు వాళ్లను చూడ్డానికి. ఆ రెండోవాణ్ణి ఎవరు చూస్తారని భీమశంకరం గారు అడిగారు. మూడోవాడొచ్చాడు. శుక్రవారానికి ఒక్కో హాల్లో నలభై మంది పిల్లలు, ఇరవై ఆరు మంది గమనించేవాళ్లు. కుర్చీలు చాలక ఎస్టేట్ సెక్షన్ వాళ్లు బల్లల మీదెక్కి గమనించారు. మనుషులంతా హాళ్లలోనే, ఆఫీసులన్నీ తాళాలు. ఆఖరివాణ్ణి ఎవరు గమనిస్తారన్న ప్రశ్న మిగిలిపోయింది. రెండు గంటల చర్చ తర్వాత ఆ పని విద్యార్థులకే ఇచ్చారు. దాంతో వలయం పూర్తయిందని చప్పట్లు కొట్టారు. పిల్లలు జవాబులు రాయడం మానేసి, వరసలో ఆఖరున నిలబడ్డ లైబ్రేరియన్ గారిని గమనిస్తూ మూడు గంటలు కూర్చున్నారు.

ఇరవై రెండో తారీఖున సత్యవేణిని వెంటబెట్టుకుని వైస్ ఛాన్సలర్ గారి గదికి వెళ్లాను. భీమశంకరం గారు కూడా అక్కడే ఉన్నారు. ఆ పిల్ల నమస్కారం పెట్టి విషయం చెప్పుకుంది. ఆయన కళ్లు మూసుకుని విన్నారు.

"అమ్మాయీ, డాక్టరేట్ అనేది కాగితంలో ఉందా, నీలో ఉందా?"

"నాలోనే ఉందండి. వాళ్లు కాయితం అడిగేరండి."

"వారింకా బాహ్య వాస్తవం ఉందని నమ్మే దశలో ఉన్నారు."

"ఆ ముక్కే వాళ్లకి మీరు రాసిస్తారా అండి?"

"రాస్తే ఆదేశమవుతుంది కదమ్మా," అన్నారాయన నొచ్చుకుంటూ.

భీమశంకరం గారు ముందుకు వంగి దారి చూపించారు. "నువ్వే నీ పట్టాను నిర్మించుకోవచ్చు. తెల్లకాగితం మీద నీ అనుభవం ఆధారంగా నువ్వే రాసుకుని, నువ్వే ధ్రువీకరించుకో. కమిటీ దాన్ని గౌరవిస్తుంది."

"దాన్ని మా ఊళ్లో దొంగపట్టా అంటారండి," అంది సత్యవేణి.

వైస్ ఛాన్సలర్ గారు మాత్రం ప్రసన్నంగానే ఉన్నారు. వ్యవస్థ ప్రస్తుతం సమతౌల్యం కోసం డోలాయమానంగా ఉందనీ, మరో ఒకటిన్నర సంవత్సరంలో పట్టాలు వాటంతటవే రావచ్చుననీ చెప్పి, నీ ఓర్పు కూడా మాకు విలువైన దత్తాంశమని ఆ పిల్లను ఆశీర్వదించారు. నేను అక్కడే ఏదో ఒకటి అనేసేదాన్ని. సత్యవేణి నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది.

ఇరవై ఆరో తారీఖు మధ్యాహ్నం మళ్లీ వచ్చింది. రాత్రి బస్సుకి టికెట్ తీసుకుందట. మిగతా సర్టిఫికెట్లన్నీ ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని గుండెకి ఆనించుకుంది. నా బల్ల ఎదురు బెంచీ మీద కూర్చుంది. ఏడవలేదు. ఏడిస్తే ఓదార్చి పంపేసేదాన్నేమో.

"మేడంగారండీ, ఒక్కటి చెప్పండి. నాకు పట్టా ఇవ్వొద్దన్నది ఎవరండి? ఎల్లి వాళ్ల కాళ్లయినా పట్టుకుంటానండి."

ఏమని చెప్పను? ఇరవై తొమ్మిదేళ్లలో పట్టాలు ఆపినవాళ్లను చాలామందిని చూశాను. ఒకడికి కోపం, ఒకడికి కులం, ఒకడికి కాళ్లకు దండం పెట్టించుకోవాలని కోరిక. వాళ్లందరికీ ఒక ముఖం ఉండేది, వెళ్లి తిట్టడానికి ఒక గది ఉండేది. ఈ పిల్లకు అదీ లేదు. వద్దన్నవాడు లేడు, ఇమ్మన్నవాడూ లేడు, ఆరేళ్ల బురద రేపు సాయంత్రానికి వృథా అయిపోతుంది. నాకు ఒళ్లు మండిపోయింది. సిగ్గు కూడా వేసింది, ఎందుకంటే ఆ ఫైలు మీద తొమ్మిదిసార్లు "చూచితిమి" అని రాసినవాళ్లలో నేనూ ఉన్నాను.

లేచి నరసింగరావు గారి గదికి వెళ్లాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. పని చెప్పాను.

"నన్నడక్కండి వీరమణి గారూ. అడిగితే నేనేదో ఒకటి చెప్పాలి. చెప్తే ఆదేశం అయిపోద్ది."

"సరేనండి, అడగను."

నేను వెనక్కి తిరిగాక ఆయన కిటికీతోనే మాట్లాడారు. "సీలు సొరుగులోనే ఉంది. సొరుగుకి తాళం లేదు. ఇది నేనెవరికీ చెప్పట్లేదు. నాలో నేను అనుకుంటన్నాను. ఇప్పుడు నేను కాఫీకి పోతన్నాను."

ఆయన కాఫీకి పోయారు. నేను పట్టా స్వయంగా టైపు చేశాను. చెయ్యమని ఎవరూ ఆదేశించలేదు. వద్దని ఆదేశించే హక్కు కూడా ఎవరికీ లేదు. ఆ సర్క్యులర్‌ని నాకంటే శ్రద్ధగా పాటించినవాళ్లు ఎవరున్నారో చెప్పండి. రిజిస్ట్రార్ తరఫున అని రాసి, సంతకం పెట్టి, సీలు వేశాను. దొంగచాటు పని నాకు చేతకాదు కనుక రిజిస్టరులో నంబరు కూడా వేశాను. సత్యవేణి ఆ కాగితాన్ని రెండు చేతులా అందుకుని, నా పేరు దగ్గర వేలు పెట్టి చదువుకుంది.

"మీకేమన్నా ఔతాదా అండి?"

"బస్సు పోతుంది, పద," అన్నాను.

మర్నాడు రెండింటికి ఏదో పనిమీద నరసింగరావు గారి గదిలో ఉండగా ఫోను మోగింది. విజయవాడనుంచి. నాలుగు నెలల్లో మా విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన పట్టా ఇదొక్కటే అయ్యేసరికి వాళ్లకు అనుమానం తగిలింది. ఇది మీరిచ్చిందేనా, ఈ వీరమణి ఎవరు అని అడుగుతున్నారు. ఫోను గొంతు గదంతా వినబడుతోంది. గదిలో భీమశంకరం గారితో సహా అయిదుగురం ఉన్నాం. నరసింగరావు గారు నా వంక చూడలేదు. రిటైర్మెంటుకి పద్నాలుగు నెలలు తొమ్మిదికి దిగిన మనిషి, నుదుటి మీద చెమట తుడుచుకున్నారు.

"మాదేనండి," అన్నారు. "ఆ అమ్మాయి మా అమ్మాయేనండి. ఆ సంతకం మా మనిషిదేనండి."

ఫోను పెట్టేసి, గ్లాసెడు నీళ్లు గటగటా తాగారు. భీమశంకరం గారు అప్పటికే గుమ్మం దాటేశారు.

ఆ తర్వాత జరిగింది నేను నా సీట్లో కూర్చుని కళ్లారా చూశాను. రెండూ ఇరవైకి ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ తలుపు తాళం తీసిన చప్పుడైంది. ఫిబ్రవరినుంచి మిషను మీద గుడ్డ తియ్యని టైపిస్టు గుడ్డ తీశాడు. న్యాయశాస్త్ర విభాగాధిపతి ఎవరూ పిలవకుండానే రూల్సు పుస్తకం చంకన పెట్టుకుని మెట్లెక్కొచ్చారు. నన్ను ఏ రూలు కింద సస్పెండు చెయ్యాలో చెప్పి, కాఫీ కూడా తాగకుండా దిగిపోయారు. ఫైలు గుండ్రంగా తిరగలేదు. జూనియర్ అసిస్టెంటు దగ్గర మొదలై, సీనియర్ అసిస్టెంటుకి, సూపరింటెండెంటుకి, అక్కణ్ణుంచి పైకి, ఎవరి కింద ఎవరో ఆ వరసలోనే నడిచింది. పదకొండు చోట్ల ఆగి, పదకొండు పొట్టి సంతకాలు వేయించుకుంది. లైబ్రేరియన్ గారికి ఈ ఫైలుతో ఏ సంబంధమూ లేదు, అయినా తన సంతకం లేకపోతే బాగుండదని వచ్చి పెట్టి వెళ్లారు. ఆఖరి సంతకం నరసింగరావు గారిది. రెండింటికి నన్ను కాపాడిన చెయ్యి మూడింటికి అదే కలంతో సంతకం పెట్టింది. ఆయన మీద నాకు కోపం రాలేదు. తొమ్మిది నెలలే కదా మిగిలింది.

పట్టాను వెనక్కి రప్పిద్దామా అని ఎవరో అడిగితే, వెనక్కి రమ్మనడం ఆదేశమవుతుందని వైస్ ఛాన్సలర్ గారు ఒప్పుకోలేదట. మరి సస్పెన్షన్ ఆదేశం కాదా అన్నాడట ఎస్టాబ్లిష్‌మెంట్ గుమస్తా ఒకడు. కాదట. దేహంలో ముల్లు దిగితే చుట్టూ చీము పట్టదా, ఎవరు ఆదేశిస్తారు చీమును, ఇది వ్యవస్థ తన్ను తాను కాపాడుకునే ప్రతిస్పందన అన్నారట. భీమశంకరం గారు పొంగిపోయి, నాలుగు నెలలుగా ఎదురుచూస్తున్న ఉద్భవం ఇదేనని, దీని మీద అంతర్జాతీయ పత్రం రాయాలని అక్కడికక్కడే కూర్చున్నారట. నా పేరు పత్రంలో ఉండదు. "ఒక అవాంతరం" అని ఉంటుంది.

మూడూ పదికి ఏసుపాదం మెమో పట్టుకొచ్చాడు. పక్కన రసీదు పుస్తకం, స్టాంపు ప్యాడు, కలం, అన్నీ తెచ్చుకున్నాడు. ఇంత జాగ్రత్తగా ఏ కాగితమూ అతను తేగా నేను చూడలేదు.

మెమో చదివాను. అలవాటు చొప్పున తప్పులు వెతికాను. నంబరు సరిగ్గా ఉంది, తారీఖు సరిగ్గా ఉంది, రూలు సరైన రూలే, నా ఇంటిపేరులో ఒత్తులు కూడా అన్నీ ఉన్నాయి. ఇరవై తొమ్మిదేళ్లలో నా దగ్గరకొచ్చిన ఏ కాగితమూ ఇంత శుభ్రంగా లేదు.

"ఇది నాకు ఇమ్మని నీకెవరు చెప్పారు ఏసుపాదం?" అన్నాను.

అతను తల దించుకున్నాడు. "ఎవరూ చెప్పలేదండి అమ్మగారూ. అందరూ లేచి పని చేత్తంటే నాకూ కూకోబుద్ది కాలేదండి."

రసీదు పుస్తకంలో సంతకం పెట్టి, టైము వేసి ఇచ్చాను. సొరుగులోంచి నా కళ్లజోడు పెట్టె, మందుల డబ్బా, టిఫిన్ క్యారియర్ తీసుకుని సంచిలో పెట్టుకుంటుంటే నా ఫోను మోగింది. సత్యవేణి. వెనకాల బస్సుల హారన్లు, ఆ పిల్ల గొంతు ఆగడం లేదు.

"మేడంగారండీ, ఇచ్చేసేరండి! పోస్టింగు నర్సాపురం అండి. ఒకటో తారీఖున జాయినవ్వమన్నారండి. మా అమ్మకి కూడా ఇంకా చెప్పలేదండి, ముందు మీకే చేసేనండి. మీకేం ఇబ్బంది రాలేదు కదండి?"

గుమ్మంలో నిలబడి చూశాను. వరండా పొడుగునా అన్ని గదుల తలుపులూ తెరిచి ఉన్నాయి, అందరూ తల వంచుకుని రాసుకుంటున్నారు.

"నాకేం ఇబ్బందమ్మా," అన్నాను. "ఇవాళ మా ఆఫీసులో అందరూ చక్కగా పనిచేశారు."